నోటెంట రాని వయసు

"నేను వేలు పెట్ట. కార్డు ఏమన్న చేసుకోండ్రి. నా వేలు మాత్రం నా తాన్నే ఉంటది."

సమ్మమ్మ కుడిచేతిని కొంగుతో చుట్టి, ఆ కొంగును నడుములో గట్టిగా దోపుకుని, ఎడమచేత్తో చాయ్ తాగుతోంది. నిద్ర లేచిన దగ్గర్నుంచి ఆ కుడిచెయ్యి వెలుగు చూడలేదు. పళ్లు తోముకోవడం, తల దువ్వుకోవడం అన్నీ ఎడమచేత్తోనే. పాపిట వంకర పోయింది కానీ పట్టుదల మాత్రం పోలేదు.

ఎదురుగా పీట మీద కొడుకు హరికృష్ణ. ఎనుమాముల మార్కెట్ గేటుకెదురుగా గోనెసంచుల దుకాణం నడిపేవాడు, మిర్చి సీజన్లో ఊరూరి రైతులతో బేరమాడి నెగ్గేవాడు, ఇవాళ కన్నతల్లి బొటనవేలి ముందు చేతులెత్తేశాడు.

"అవ్వా, నిన్న నర్సంపేట పోయి నీ బడి టీసీ తెచ్చిన. పొద్దుందాక ఆ బడి మెట్ల మీదనే కూసున్న. ఇగ ఆధార్ల నీ వయసు సరిచేయించుడొక్కటే మిగిలింది. నీ కార్డు ఏడ పెట్టినవ్?"

"సంచిల ఏసి కుట్టిన."

"ఏ సంచిల?"

"యాదికి లేదు."

హరికృష్ణ తల తిప్పి చూశాడు. వంటింటికీ దుకాణానికీ మధ్య గోడ లేదు, గోనెసంచులే గోడ. నేల నుంచి రేకుల దాకా మడతలు పెట్టి పేర్చిన సంచులు. చిరిగిన సంచి చేతికి దొరికితే చాలు, దబ్బనంలోకి సుతిలితాడు ఎక్కించి కుట్టెయ్యడం సమ్మమ్మకు కోడలై వచ్చిన నాటి నుంచీ అలవాటు. ఆ గుట్టల్లో ఏదో ఒక సంచి కడుపులో ఆధార్ కార్డు హాయిగా పడుకుని ఉంది.

"కార్డు పోతే పోనియ్యండ్రి," అంది యమున, పొయ్యి దగ్గర్నుంచి. "ఫోన్ల దింపుకుంటం. గని అత్తమ్మా, ఆ వేలు ఏ సంచిల కుడ్తవ్?"

సమ్మమ్మకు నవ్వొచ్చింది. కోడలి మాటకు ఆమెకు ఎప్పుడూ నవ్వొస్తుంది, కోపం నిలబెట్టుకోవాలనుకున్న రోజున అదే పెద్ద ఇబ్బంది. చాయ్ గ్లాసు మూతికి అడ్డం పెట్టుకుంది. ఆ మాత్రం నవ్వుకే ఆయాసం వచ్చింది. గ్లాసు కింద పెట్టి గోడకు ఒరిగి కళ్లు మూసుకుంది. గొంతు కింద నరం ఎగిరెగిరి పడుతుంటే కొడుకూ కోడలూ ఊపిరి బిగపట్టుకుని చూస్తూ ఉండిపోయారు. అవతల దుకాణంలో సంచులు లెక్కపెడుతున్న ఎల్లస్వామి కూడా లెక్క ఆపేశాడు.

క్రితం వారం ఇలాగే ఆయాసం వచ్చి, దబ్బనం చేతిలో ఉండగానే సంచుల మీదికి ఒరిగిపోయింది. హన్మకొండ దవాఖానలో డాక్టర్ చెప్పింది చిన్న మాటే. గుండెలో ఒక కవాటం మూసుకుపోతోంది, మందులతో కొద్ది రోజులే నెట్టుకురాగలం, ఆపరేషన్ చేసి మార్చాలి, ఆలస్యం చేస్తే ఇక చేసేదేం ఉండదు. ఆ మాట విని బయటికి రాగానే కౌంటర్లో అడిగారు, ఏ కార్డు ఉందని. అప్పటి నుంచి ఈ ఇంట్లో ఆ ప్రశ్న మీదే తగవు.

"నా హెల్త్ పాలసీల అవ్వను ఇప్పుడు ఎక్కియ్యరాదా?" హరికృష్ణ మళ్లీ మొదటికొచ్చాడు.

"ఎన్నిసార్లు చెప్పాలె?" యమున గరిటె పక్కన పెట్టింది. "ఈ వయసుల ఎక్కించుకున్నా, ఉన్న రోగానికి ఏండ్లు ఆగాలంటరు. అత్తమ్మ గుండె ఆగుతదా?"

"మరి ఆరోగ్యశ్రీ?"

"దానికి రేషన్ కార్డు గావాలె. దుకాణం పెద్దదైనంక మనకెందుకని ఆ కార్డు వద్దన్నది ఎవలు? మీరే."

హరికృష్ణ పీటను వెనక్కి జరుపుకున్నాడు.

"ఇగ మిగిలింది మామకు వచ్చినట్టి కార్డే. వయ వందన. డెబ్బై నిండినోళ్లకు ఉన్నోళ్లా లేనోళ్లా అని అడుగరు. రేషన్ కార్డు అడుగరు. పాత రోగమా కొత్త రోగమా అనరు. లిస్టుల ఉన్న దవాఖానకు పోవాలె, ఆధార్ల డెబ్బై నిండాలె, గంతే. అత్తమ్మకేమో డెబ్బైమూడు. ఆధార్లనేమో అరవైయేడు."

"ధర్మసాగర్ కాడి జాగ అమ్మేద్దాం. ఎవల్ని అడిగేది ఉండదు."

సమ్మమ్మ కళ్లు తెరిచింది. "ఆ జాగ ముట్టుకున్నవో, నేను దవాఖాన గడప తొక్క. నీ పిల్లలకని ఉంచింది నా గుండెల పెడ్తవా?"

"జాగ అమ్మద్దు, వేలు పెట్ట! మరేం చెయ్యమంటవవ్వా? వయసు తక్కువ చెప్పుకొని ఇన్నేండ్లు మురిసినవ్, సరే. ఇప్పుడు కూడ చిన్నదానివే అనిపించుకోవాల్నా? ఎవల్ని మెప్పియ్యనీకి?"

ఆ మాట హరికృష్ణ అనకుండా ఉండాల్సింది. అన్నాక వాడికీ తెలిసింది.

సమ్మమ్మ ఎడమచెయ్యి గోడకు ఆన్చి మెల్లగా లేచింది. దుకాణం వైపు పోయి ఓ చిరిగిన సంచి ముందుకు లాక్కుని, దబ్బనం కోసం వెతుక్కుంది. ఎడమచేత్తో కుట్టడం రాదు. కుడిచెయ్యి తీస్తే ఓడినట్టు. సంచిని ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంది.

ఎల్లస్వామి దగ్గాడు. వయసు మాట ఎత్తినప్పుడల్లా ఆయనకు దగ్గొస్తుంది. కొడుకూ కోడలూ ఈ సంగతి గమనించి నాలుగు రోజులైంది కానీ, ముసలాయనకు గోనె దుమ్ము పడలేదేమో అనుకుంటున్నారు.

"బాపూ, నువ్వన్న చెప్పరాదు?" అన్నాడు హరికృష్ణ.

"నేనేం చెప్తరా," అన్నాడు ఎల్లస్వామి, మళ్లీ సంచులు లెక్కపెట్టుకుంటూ. లెక్క తప్పిందని అందరికీ వినబడింది.

*

మధ్యాహ్నం వర్ధన్నపేట బస్సు దిగి కట్టమ్మ వచ్చింది. చేతిలో డబ్బా, డబ్బాలో సర్వపిండి, నోట్లో కబుర్లు. ఎల్లస్వామికి అక్క. అసలు ఈ గొడవకు విత్తనం వేసిన మనిషి ఆమే. క్రితం వారం ఫోన్లో సమ్మమ్మకు బాగా లేదని విని, "అయ్యో, నా ఈడుదే గదా, ఇద్దరం ఒక్క బడిల ఒక్క తరగతి," అని హరికృష్ణతో అనేసింది. నలభై ఏళ్లు దాటిన కొడుక్కి తల్లి వయసు అప్పుడు తెలిసింది.

కట్టమ్మ డబ్బా దింపి, ముందుగా రవికెలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది.

"ఇగో, నాకు కూడ ఇచ్చిన్రు. కార్డు మీద నా ఫోటో సూడు యమునా, పోలీసోళ్లు పట్టుకపోయినట్టున్న. గని దీంతోనే మోకాలు చూపెట్టుకుంట అంటాన."

"నీకేం వదినె," అంది సమ్మమ్మ సంచి మీది నుంచి కళ్లెత్తకుండా. "నీ నోట్లె నువ్వుగింజ నానదు. నీ వయసు నీ ఇష్టం. నాదెందుకు చెప్పినవ్?"

"చెప్తే ఏమైందే? ఉన్నమాటే గదా."

"ఉన్నమాటే. నువ్వు చెప్పనని మీ అవ్వకు మాటిచ్చినవ్. నేను గూడ ఇచ్చిన."

కట్టమ్మ నవ్వు ఆగిపోయింది. డబ్బా మూత తీయబోతున్న చెయ్యి కూడా ఆగింది.

"ఏం మాట అత్తమ్మా?" యమున వచ్చి అత్త పక్కన గోనెల మీద కూర్చుంది. అడగడం మెల్లగానే అడిగింది.

సమ్మమ్మ ఒళ్లోని సంచి మడతలు సరిచేసుకుంది. చెప్పే మనిషైతే ఇన్నేళ్లు దాచేదే కాదు. కట్టమ్మే అందుకుంది.

"మా అవ్వకు అన్న బిడ్డనే కోడలుగ రావాలె. ఇంకెవ్వరు వద్దన్నది. సమ్మమ్మకేమో తల్లి లేదు. తమ్ముండ్లను పెంచుకుంట ఉండిపోయింది. పెండ్లి ఈడు దాటింది. మా ఎల్లిగాడేమో చిన్నోడు. ఎనకముందు సూడకుంట మా అవ్వ ఖాయం చేసేసింది. చేసినంక భయం పట్టుకున్నది."

"ఏం భయం?"

"పెండ్లాం పెద్దదైతే మొగనికి ఆయుష్షు తరుగుతదని ఎవలో అన్నరు. పెండ్లి ముందురోజు మా ఇద్దర్ని అర్రల ఏసి తలుపు పెట్టింది. దీపం మీద చెయ్యి పెట్టిచ్చింది. 'నీ వయసు నీ నోటెంట రావద్దు, ఇంకొగలు రాయద్దు. నా కొడుకును నీకు అప్పజెప్తాన,' అని ఏడ్చింది."

యమునకు మొదట నవ్వొచ్చింది. అత్త ముఖం చూశాక ఆ నవ్వు ఎక్కడికి పోయిందో తెలియలేదు. పొద్దున భర్త అన్న మాట గుర్తొచ్చి, తనే అన్నట్టు సిగ్గుపడింది.

"గదంత ఉత్తదే అత్తమ్మా. నువ్వు అయిదు తరగతులు చదువుకున్నదానివి."

"ఉత్తదైతే మంచిదే బిడ్డా," అంది సమ్మమ్మ ఎట్టకేలకు. గొంతు చాలా చిన్నగా వచ్చింది. "ఒక్కసారి నోరు జారిన. పెండ్లైన కొత్తల. బోరింగు కాడ నీళ్లు పట్టుకుంట ఒకామెతోని చెప్పిన, నేనే పెద్దని. ఆ వారమే ఈనెకు పచ్చకామెర్లు. మూడొద్దులు నీళ్లు గూడ మింగలే. ఇగ పోతడన్నరు. నేను బోరింగు కాడికి పోయి చెంపలేసుకున్న. మళ్ల ఆ మాట నా నోటెంట రాలే. ఇప్పుడు నన్ను వేలు పెట్టి రాయమంటాన్నరు. నా గుండె బాగైతది, సరే. ఈనె పోతే నేను ఆ గుండె ఏం చేసుకోను?"

వారం రోజులుగా ఈ మనిషి అందంగా కనబడాలని వయసు దాచిందనుకున్నారు. ఆమె దాచింది మొగుణ్ణి. యమున ఆ కొంగు చుట్టిన కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. విప్పమని అడగలేదు. ఊరికే పట్టుకుంది.

సంచుల గోడకు అవతల దగ్గు వినబడింది. ఈసారి దగ్గు కాదు అది, దగ్గులా చేయబోయి కుదరని చప్పుడు.

*

ఎల్లస్వామి గోడ దాటి ఇవతలికొచ్చాడు. మెడలో తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు. భార్య ముందు నేల మీదనే కూర్చున్నాడు. మార్కెట్ నుంచి అప్పుడే వచ్చిన హరికృష్ణ, తండ్రి అలా నేల మీద కూర్చోవడం చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"నీకొక మాట చెప్పాలె," అన్నాడు ఎల్లస్వామి. "కోపం చేయద్దు."

"చెప్పు."

"మొదటిసారి ఆధార్ దిగేటప్పుడు క్యాంపుల కూసున్నం, యాదికున్నదా? ఆ పోరడు నిన్ను చూసి నన్నేమడిగిండు?"

సమ్మమ్మ తల దించుకుంది. యాదికి లేకేం.

"ఈమె మీ అక్కనా, అన్నడు. నీకు జుట్టు ముందుగాల నెరిసె. నువ్వు కొంగు నెత్తి మీదికి గుంజుకొని బయటికి పోయినవ్. మొకం కడుక్కుంటానంటివి గని నాకెరుకనే, ఏడ్చినవ్. నాకు మస్తు రోషమొచ్చింది. 'ఆమె నా పెండ్లాం, నాకన్న అయిదేండ్లు చిన్నది,' అని రాపిచ్చిన. నీది ఆరేండ్లు తగ్గిచ్చిన."

"ఆరేండ్లు తగ్గింది ఎరుకనే బాపూ," అన్నాడు హరికృష్ణ. "నీకు డెబ్బైరెండు, అవ్వకు డెబ్బైమూడు. ఒక్క యేడాది తేడాకు ఇంత లొల్లా?"

ఎల్లస్వామి కొడుకు వైపు చూడలేదు.

"ఒక్క యేడాది కాదురా. నాలుగేండ్లు. అయిదేండ్లు చిన్నదంటే ఆ పోరడు నమ్ముతలేడు, నన్ను కింద మీద చూస్తాండు. అందుకని నా దాంట్ల గూడ మూడు కలిపిన. నాకింక డెబ్బై నిండలే."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. లెక్క ముందుగా కుదిరింది యమునకే. చెయ్యి నోటికి పోయింది.

"మామా! మరి మీ కార్డు... వచ్చే నెల కన్ను ఆపరేషన్ దాని మీదనే గదా!"

"దాని మీదనే. కార్డు వచ్చిన దినం నుంచి నాకు ముద్ద దిగుతలేదు. రావాల్సినామెకు రాలే, రాకూడనోనికి వచ్చింది." ఆయన భార్య వైపు తిరిగాడు. "నీతోని చెప్పనందుకు నన్నేమన్న అను."

సమ్మమ్మ కాసేపు మొగుణ్ణి చూసింది. తర్వాత పెదవి విరిచింది.

"నాకెరుక లేదా? నిన్ను సంకకెత్తుకొని మీ ఊరు బొడ్రాయి కాడ తిప్పినదాన్ని. నీకు డెబ్బై నిండినయో లేదో నాకు తెల్వదా?"

"తెలిసి ఎందుకన్లే?"

"నువ్వు చెప్తవని చూసిన."

కట్టమ్మ పకపకా నవ్వింది. హరికృష్ణ గుమ్మంలోనే చతికిలబడ్డాడు. ఈ ఇంట్లో తనకు తెలిసిన వయసు తనదొక్కటే అని వాడికి అప్పుడు తెలిసింది, అదైనా నిజమో కాదో అని అనుమానం కూడా వచ్చింది.

"ఇగ విను," అన్నాడు ఎల్లస్వామి. "మా అవ్వ భయపడ్డది, నువ్వు భయపడ్డవ్. నీ వయసు నోటెంటొస్తే నా ఆయుష్షు తరుగుతదంటవ్. తరగనీ. నేనే మూడేండ్లు ఎక్కువ రాసుకున్న. తరిగితే ముందుగాల ఆ మూడే తరుగుతయ్. నా అసలుకు ఏం గాదు."

ఇది ఏ డాక్టరూ చెప్పలేని మాట. ఏ ఆఫీసులోనూ దొరకని జవాబు. యాభై ఏళ్ల భయానికి అదే భాషలో, అదే లెక్కలో దొరికిన సమాధానం. సమ్మమ్మ దాన్ని సంచిలా అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఎక్కడా చిరుగు కనబడలేదు కాబోలు.

"నిజమేనా వదినె?" అని కట్టమ్మను అడిగింది.

"నిజమేనే. అసలు ముట్టుకోకముందు మీదిది పోవాలె గదా," అంది కట్టమ్మ, ఏమీ తెలియకపోయినా అన్నీ తెలిసినట్టు.

"మామా, రేపు మీది కూడ సరిచేయిద్దామా?" యమున తప్పక అడిగింది. అడగడం ఇష్టం లేదని ముఖమే చెబుతోంది.

"చేయిస్త. డెబ్బై నిండనీకి ఇంకెంతనో లేదు. అప్పటిదాంక ఒక్క కన్నుతోనే చూస్త."

"వద్దు!" సమ్మమ్మ గట్టిగా అంది. అనేసి ఆయాసంతో ఆగి, మళ్లీ అంది. "నీ కార్డు పోవుడైతే నేను వేలు పెట్ట. ఆ కన్ను ఇప్పటికే సగం కనబడదు. మొన్న రోడ్డు దాటంగ లారీ నీ పక్కపొంటి పోయింది. అందరు చూసిన్రు. ఆపరేషన్ కానీ, తర్వాత నీ ఇష్టమున్నట్టు చెప్పుకో. అప్పటిదాంక నీ నోటెంట రావద్దు. ఒట్టెయ్."

"తప్పు గదనే?"

"తప్పే. నా కోసం ఒక తప్పు చేసినవ్. అది జర ఇంకో నెల ఉండనీ. ఒట్టెయ్."

ఎల్లస్వామి కొడుకును చూశాడు, కోడలిని చూశాడు. ఇద్దరూ వేరే వైపు చూస్తున్నారు. చివరికి భార్య తల మీద చెయ్యి పెట్టాడు.

"నా నోటెంట రాదు. ఒట్టు."

అప్పుడు సమ్మమ్మ నడుములోంచి కొంగు లాగింది. మడతలు విప్పుకుంటూ, విప్పుకుంటూ, కుడిచెయ్యి బయటపెట్టింది. చెమటకు నాని ముడతలు పడింది ఆ చెయ్యి. హరికృష్ణ వచ్చి ఆ చేతిని తన నుదుటికి ఆనించుకున్నాడు. పొద్దున అన్న మాటకు క్షమించమని నోటితో అనలేకపోయాడు. సమ్మమ్మ వాడి తలను ఆ చేత్తోనే ఒక్కటి చరిచి, "ఆకలైతాంది, ఆ సర్వపిండి పెట్టుండ్రి," అంది.

*

మర్నాడు పోచమ్మమైదాన్ దగ్గరి ఆధార్ సెంటర్‌కు అందరూ బయల్దేరారు. అందరూ రావాల్సిన పని లేదు. కానీ కట్టమ్మను వద్దంటే వినే మనిషా?

కంప్యూటర్ ముందున్న అమ్మాయి మంచిది. పెద్దావిడ ఆయాసం చూసి కుర్చీ వేయించింది. యమున ప్లాస్టిక్ కవరులో ఉన్నవన్నీ బల్ల మీద పెట్టింది. బడి టీసీ, ఫోన్లో దింపి ప్రింటు తీసిన సమ్మమ్మ ఆధార్, ఇంటి చిరునామా అవసరమైతే ఉంటుందని ఎల్లస్వామి ఆధార్ కార్డు కూడా.

"పుట్టిన తేదీ మార్చనిచ్చేది ఒక్కసారే," అంది ఆ అమ్మాయి. "ఆరేండ్ల తేడా ఉన్నది. కాయితాలు సరే, గని అమ్మనే చెప్పాలె. అమ్మా, మీ వయసెంత?"

సమ్మమ్మ పెదవులు కదిలాయి, మాట రాలేదు. వెనక వరసలో నిలబడ్డవాళ్లు ముందుకు వంగారు. ఆమె మొగుడి కోసం వెతికింది. ఎల్లస్వామి పక్కనే, బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చెప్పు, అన్నట్టు తలూపాడు.

"డెబ్బైమూడు," అంది సమ్మమ్మ.

అని, కళ్లు గట్టిగా మూసుకుంది. తర్వాత ఒక్కో కన్నూ తెరిచింది. ఫ్యాను తిరుగుతోంది. బయట ఆటోవాడెవడో హారన్ కొడుతున్నాడు. ఎల్లస్వామి నిలబడే ఉన్నాడు, చెవి గోక్కుంటున్నాడు. ఆమె ఆయన్ని తల నుంచి కాళ్ల దాకా చూసింది. పచ్చబడలేదు. తూలలేదు.

"వేలు పెట్టండమ్మా."

సమ్మమ్మ కుడిచెయ్యి చాపి బొటనవేలు అద్దం మీద పెట్టింది. దబ్బనం పట్టి పట్టి అరిగిన వేలు. మొదటిసారి పడలేదు. రెండోసారి గట్టిగా నొక్కింది, ఎర్రలైటు పచ్చగా మారింది.

"అయిపోయిందా?" అంది.

"మీది అయిపోయిందమ్మా. మంజూరైనంక ఫోనుకు మెసేజ్ వస్తది. అప్పుడు కార్డుకు రండ్రి."

"గింతేనా!"

ఇంత బరువు ఇన్నేళ్లు మోసిన మనిషికి అది దిగిపోయిన క్షణాన ఏం చెయ్యాలో తెలియదు. సమ్మమ్మ ముఖం వెలిగిపోయింది. పక్క కుర్చీలో మనవడి ఆధార్ కోసం కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆవిడ మోచెయ్యి పట్టుకుని కుదిపింది.

"నాకు డెబ్బైమూడు! ఇగో, ఈనె నా పెనిమిటి. ఈనెకన్న నేనే పెద్ద. చిన్నప్పుడు సంకకెత్తుకొని తిప్పిన. నాలుగేండ్లు పెద్ద!"

యమున "అత్తమ్మా!" అంది. హరికృష్ణ తల్లి భుజం మీద చెయ్యి వేశాడు. రెండూ ఆలస్యమైపోయాయి. నోరు జారడమంటే జీవితంలో కట్టమ్మకే అలవాటు అనుకున్నారు అందరూ. ఆ కట్టమ్మ ఇప్పుడు నుదురు కొట్టుకుంటోంది.

కంప్యూటర్ ముందున్న అమ్మాయి నవ్వుతూనే బల్ల మీది రెండో కార్డును దగ్గరికి జరుపుకుంది. దాన్ని చూసింది. సమ్మమ్మను చూసింది. మళ్లీ కార్డు చూసింది.

"నాలుగేండ్లా అమ్మా?"

సమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఈసారి కుడిచేత్తోనే.

"మరి ఇందుల తేదీ చూస్తే డెబ్బైరెండు ఉన్నయ్." ఆ అమ్మాయి ఎల్లస్వామి వైపు తిరిగింది. "పెద్దాయనా, అయితే మీకు ఎన్నేండ్లు?"

ఎల్లస్వామి బల్ల అంచు వదిలాడు. భార్య చెవి దగ్గరికి వంగి, ఆయుష్షంతా ఆమె చేతికే ఇచ్చేసిన మనిషి నిశ్చింతతో, మెల్లగా అన్నాడు.

"నేనైతే ఒట్టు తప్పలే."